అద్దాలతో పేచీ లేదు, విసిగించిందంతా హోల్డరే

కెమెరా లెన్స్ ముందు పెట్టే చదరపు ఫిల్టర్ల కిట్ కొనేటప్పుడు అందరూ అడిగేది అద్దం గురించే. రంగు మారుతుందా, షార్ప్‌నెస్ తగ్గుతుందా, కోటింగ్ ఎలాంటిది అని. ఆ అద్దాలను లెన్స్ ముందు పట్టి ఉంచే హోల్డర్ ఎలా ఉందని అడిగేవాళ్లు తక్కువ. ఈ కిట్ పట్టుకుని చాలాకాలంగా వాగుల వెంట, సముద్రం ఒడ్డున తిరుగుతున్నాను. అద్దాలు చెప్పిన పని చేశాయి. హోల్డరే నా ఓపికను పరీక్షించింది.

కిట్‌లో వచ్చేవి ఇవి: 100 మిల్లీమీటర్ల హోల్డర్, 67 నుంచి 82 మిల్లీమీటర్ల దాకా అడాప్టర్ రింగులు, హోల్డర్ లోపలే తిరిగే పోలరైజర్ (మెరుపులు తగ్గించే ఫిల్టర్), 6 స్టాపుల ఎన్‌డీ (వెలుతురు తగ్గించే ముదురు అద్దం), 10 స్టాపుల ఎన్‌డీ, 3 స్టాపుల సాఫ్ట్ గ్రాడ్యుయేటెడ్ ఫిల్టర్ (పైన ముదురుగా ఉండి కిందికి వచ్చేకొద్దీ తేలికయ్యేది). ఒక్కో స్టాపుకు వెలుతురు సగమవుతుంది. కంపెనీ పేరు రాయడం లేదు. ఇంచుమించు ఇదే అమరికతో చాలామంది అమ్ముతున్నారు, మీరు ఏది చూస్తున్నా పరీక్షించాల్సినవి ఇవే.

ముందు 10 స్టాపుల సంగతి, ఎందుకంటే అందరి కన్నూ దానిమీదే ఉంటుంది. 10 స్టాపులంటే వెలుతురు వెయ్యో వంతుకు పడిపోతుంది. 1/60 సెకనులో రావాల్సిన ఫొటోకి 17 సెకన్లు కావాలి. పెట్టెమీద రాసిన అంకెను నమ్మకుండా ఇంట్లో లైటు కింద తెల్ల గోడను ఫిల్టర్ లేకుండా ఒకటి, ఫిల్టర్‌తో ఒకటి తీసి హిస్టోగ్రాములు (ఫొటోలో వెలుతురు ఎంతుందో చూపే గ్రాఫులు) పక్కపక్కన పెట్టి చూశాను. ఫిల్టర్‌తో తీసినది కాస్త చీకటిగా ఉంది. 17 సెకన్లకు బదులు 21 పెట్టాక రెండూ కలిశాయి. అంటే స్టాపులో మూడో వంతు ఎక్కువ ఆపుతోంది. ఇదేం నేరం కాదు, ముదురు ఎన్‌డీల్లో ఈమాత్రం తేడా మామూలే. తెలిస్తే చాలు, ప్రతిసారీ ఆ మేరకు కలుపుకుంటాం.

రంగు విషయంలో నిజంగా మెచ్చుకోవాలి. కొన్ని ముదురు ఎన్‌డీలు కంటికి కనిపించే వెలుతురును ఆపుతాయి కానీ ఇన్‌ఫ్రారెడ్‌ను వదిలేస్తాయి. సెన్సర్‌కు అది కాస్తో కూస్తో కనిపిస్తుంది, దాంతో నల్లటి రాళ్లు గోధుమరంగుకు తిరుగుతాయి. దాన్ని వైట్ బ్యాలెన్స్‌తో సరిచేయబోతే ఆకాశం పాడవుతుంది. ఇందులో ఆ గొడవ లేదు. మొత్తంమీద కొంచెం పసుపు వాలుతుంది, అంతే. రా ఫైల్లో (కెమెరా మార్పుల్లేకుండా దాచే ఫొటో ఫైల్లో) ఒక్క స్లైడర్ జరిపితే సరి.

అయినా నేను ఎక్కువగా వాడేది 6 స్టాపులదే. తెల్లవారుజామున వెలుతురు తక్కువగా ఉండి ఫిల్టర్ లేకుండానే 1/4 సెకను పడుతోందనుకోండి. దానికి 10 స్టాపులు తగిలిస్తే 4 నిమిషాలు దాటుతుంది. ఆ 4 నిమిషాల్లో తూర్పు వెలుగు పెరిగి లెక్క తప్పుతుంది. కెమెరాలో లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ ఆన్‌లో ఉంటే, ఫొటోలోని చుక్కలు తీసెయ్యడానికి షట్టర్ మూసి ఇంకో 4 నిమిషాలు డార్క్ ఫ్రేమ్ అనే నల్లటి ఫొటో తీస్తుంది. ఈలోగా రంగులన్నీ వెళ్లిపోతాయి. అదే 6 స్టాపులదైతే 16 సెకన్లలో పని అయిపోతుంది, నచ్చకపోతే మళ్లీ తీసుకోవచ్చు.

నీళ్ల మాట కూడా చెప్పాలి. అల వెనక్కి మళ్లేటప్పుడు రాళ్ల మధ్య తెల్లటి గీతలు పడతాయి చూడండి, అవి కావాలంటే అర సెకను నుంచి 2 సెకన్ల మధ్య ఉండాలి. 30 సెకన్లు పెడితే గీతల్లేవు, అలల్లేవు, అంతా పొగమంచే. అది నచ్చేవాళ్లకు నచ్చుతుంది. నాకైతే సముద్రం సముద్రంలా కనిపించకపోతే అంతదూరం వెళ్లడం దేనికనిపిస్తుంది. మధ్యాహ్నం మేఘాలు పరిగెత్తుతున్నప్పుడు మాత్రం 10 స్టాపులదానికి తిరుగులేదు.

ఇక హోల్డర్. రింగుకు తగిలించడానికి పక్కన స్ప్రింగు ఉన్న మీట ఒకటి, బిగించడానికి చిన్న మర ఒకటి. ఇంట్లో టేబుల్ మీద అంతా భలేగా ఉంటుంది. వేళ్లు తడిగా ఉన్నప్పుడు ఆ మర చేతికి దొరకదు. అంచులకు గాట్లు లేవు, జారుతుంది. బిగిసిందనుకుని చెయ్యి తీస్తే హోల్డర్ ఓ పక్కకి ఒరుగుతుంది. కింద రాళ్లు, మీద ఉన్నది గాజు. రెజిన్ (ప్లాస్టిక్ లాంటిది) ఫిల్టరైతే పడినా గీతలతో బతికిపోతుంది, గాజుకు ఆ అవకాశం లేదు. ఇప్పుడు ఫిల్టర్ తోసే ప్రతిసారీ ఎడమ చెయ్యి హోల్డర్ కింద పెట్టడం అలవాటైపోయింది.

అసలు తలనొప్పి ఫోమ్‌తో. 10 స్టాపుల అద్దం వెనక చుట్టూ నల్లటి ఫోమ్ పట్టీ ఉంటుంది. లెన్స్‌కు దగ్గరగా ఉండే మొదటి గాడిలో అద్దాన్ని పెడితే, ఈ పట్టీ హోల్డర్‌కు ఒత్తుకుని పక్కల నుంచి వెలుతురు రాకుండా ఆపాలి. దీనికి ఉప్పునీటి తుంపర పడగా పడగా ఒక మూల జిగురు వదిలింది. చూస్తే గోరు పట్టేంత సందు కూడా లేదు. నిమిషం పైబడిన ఫొటోల్లో మాత్రం ఎడమ అంచున ఊదారంగు చార పాకుతోంది. మొదట వ్యూఫైండర్‌లోంచి వెలుతురు దూరుతోందేమోనని అనుమానించాను, డీఎస్ఎల్ఆర్‌లలో ఆ జబ్బు ఉంది కదా. దాన్ని మూసినా చార పోలేదు. హోల్డర్ చుట్టూ నల్లగుడ్డ చుట్టాక పోయింది. ఇంత మంచి గాజు తయారుచేసినవాళ్లు నాలుగు ముక్కల ఫోమ్ సరిగ్గా అతికించలేకపోయారా అని ఒళ్లు మండింది. ఆ మూలను ఊడబెరికి కొత్త ఫోమ్ అతికించుకున్నాక బాగానే ఉంది.

పోలరైజర్‌ను పక్కనున్న పళ్ల చక్రంతో తిప్పాలి. ఇది బాగా కుదిరింది, ముందున్న అద్దాలను కదపకుండానే తిప్పొచ్చు. కాకపోతే 10 స్టాపులది పెట్టకముందే తిప్పి చూసుకోండి, పెట్టాక ఏ మార్పూ కంటికి ఆనదు. ఫోకస్ కూడా అంతే: ముందే చేసి, మాన్యువల్‌కు మార్చి, ఆ తర్వాతే అద్దం తొయ్యాలి. వాగుల దగ్గర తడి రాళ్ల మీద మెరుపు తీసెయ్యడానికి పోలరైజర్‌కు సాటి వచ్చేది లేదు, సాఫ్ట్‌వేర్‌తో ఆ పని కాదు. వైడ్ లెన్స్‌తో నీలాకాశం తీసేటప్పుడు మాత్రం దీన్ని తీసి పక్కన పెట్టండి. సూర్యుడికి 90 డిగ్రీల దిశలోనే దీని బలమంతా ఉంటుంది కాబట్టి ఆకాశం మధ్యలో ముదురు మచ్చ పడుతుంది.

గ్రాడ్యుయేటెడ్ ఫిల్టర్ గురించి చెప్పడానికి పెద్దగా లేదు. రంగు బాగుంది, అంచు మెత్తగా కలుస్తుంది. ఇప్పటి సెన్సర్లతో రెండు ఎక్స్‌పోజర్లు తీసి కలుపుకుంటే చాలాసార్లు దాని అవసరమే రాదు.

ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) కెమెరాతో జూమ్ 16 మిల్లీమీటర్ల దగ్గర, పోలరైజర్ కూడా ఉంటే మూలలు నల్లబడ్డాయి. 18కి జరిపితే పోయింది. గాలి ఎక్కువైతే ఈ పలకంతా గాలిపటంలా గాలి పట్టేసి ట్రైపాడ్‌ను వణికిస్తుంది. అలాంటప్పుడు మధ్య కడ్డీ పూర్తిగా దించి, బ్యాగు వేలాడదీస్తే కొంత నయం.

నాలుగైదు లెన్సులున్నవాళ్లు, వాటన్నిటికీ ఒకటే సెట్ వాడాలనుకునేవాళ్లు తీసుకోవచ్చు. తీసుకున్నరోజే హోల్డర్‌ను రింగుకు బిగించి, కింద దిండు పెట్టి, తలకిందులు చేసి ఊపి చూడండి. ఫోమ్ నాలుగు మూలలూ గోటితో తడమండి. కదిలినా, ఊడినా వెంటనే వాపసు ఇచ్చెయ్యండి. ఒకే లెన్స్‌తో తిరిగేవాళ్లకు ఇంత సరంజామా దండగ. లెన్స్‌కే మర తిప్పి బిగించే 6 స్టాపుల గుండ్రటి ఎన్‌డీ ఒకటి కొనుక్కుంటే సరిపోతుంది. అలాగని తిప్పి స్టాపులు మార్చుకునే వేరియబుల్ ఎన్‌డీ జోలికి వెళ్లకండి. అందులో ఉండేది రెండు పోలరైజర్లే, వైడ్ లెన్స్ మీద చివరిదాకా తిప్పితే ఫొటో మీద గుణకారం గుర్తులా నల్లటి నీడ పడుతుంది.