రిసెప్షన్‌కి బంతి భోజనమా, బఫేనా?

బంతి వేస్తే అందరికీ కుర్చీ, ఆకు, కొసరి కొసరి వడ్డించే మనిషి ఉంటారు. చిక్కల్లా రెండో బంతితోనే. తినేవాళ్ల కుర్చీల మీద చేతులేసి వెనకే నిలబడతారు. పెరుగన్నం కలుపుకుంటున్నవాళ్లకి ముద్ద దిగదు. పైగా వియ్యాలవారిని మొదటి బంతిలో కూర్చోబెట్టకపోతే ఆ మాట ఏళ్ల తరబడి నిలిచిపోతుంది.

బఫేలో ఆ తగువు లేదు, 500 మంది వచ్చినా వరుస కదులుతుంది. కానీ మా చెల్లి రిసెప్షన్‌లో అమ్మమ్మ ఒక చేత్తో కర్ర, ఇంకో చేత్తో ప్లేటు పట్టుకుని కుర్చీ కోసం వెతుక్కుంది. సాంబారు పట్టుచీర మీద ఒలికింది. నాకిప్పటికీ బాధే.

నా ఓటు బఫేకే. అయితే 60 దాటినవాళ్ల కోసం ఫ్యాను కింద, చేతులు కడుక్కునే చోటికి దగ్గర్లో ఓ 20 కుర్చీల బంతి తప్పకుండా వేయించండి. వడ్డనకి ఇంటివాళ్లు ఇద్దరు అక్కడే ఉండాలి.