సోమరి కన్నుకు పట్టీనా, చుక్కల మందా: ఏది మేలు?

ఒక కన్ను 6/6 చూస్తూ, రెండో కన్ను 6/24 దగ్గరే ఆగిపోయిన పిల్లల్ని ఇంట్లో పసిగట్టడం కష్టం. (6/6 అంటే మామూలు చూపు. 6/24 అంటే మామూలు కన్ను 24 మీటర్ల నుంచి చదివేది 6 మీటర్ల దగ్గరికొస్తేనే కనిపించడం.) టీవీ చూస్తారు, ఫోన్‌లో చిన్న బొమ్మలూ గుర్తుపడతారు. పనంతా మంచి కన్నే చక్కబెడుతుంది కాబట్టి వాళ్లకూ తేడా తెలియదు. బయటపడేది వేరే చోట. మల్లెమొగ్గలు గుచ్చమంటే సూది మొగ్గ పక్కనుంచి పోతుంది. జగ్గులోంచి వంచిన నీళ్లు గ్లాసు అంచు మీద పడతాయి. బంతి ఇంకా రాకముందే చేతులు మూసుకుంటాయి. పుస్తకం చదువుతారు గానీ తోటివాళ్లకంటే నెమ్మదిగా, వరుస తప్పుతూ. దాన్ని బద్ధకమనో, తెలివి తక్కువనో అనేస్తాం.

కళ్ల పవర్‌లో తేడా వల్ల గానీ మెల్ల వల్ల గానీ, ఒక కన్ను పంపే బొమ్మను మెదడు పక్కన పెట్టేయడం అలవాటు చేసుకుంటుంది. ఇదే సోమరి కన్ను. లేజీ ఐ అన్నా ఇదే. మెల్లకన్ను అదృష్టమని వదిలేసే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. ఆ మాట నమ్మి పోగొట్టుకునేది పిల్లల చూపు.

ఇంట్లో ఒక పరీక్ష చేయవచ్చు. పాప బొమ్మల పుస్తకంలో మునిగి ఉన్నప్పుడు మీ అరచేతితో ఒక కన్ను మూయండి, కాసేపాగి రెండోది. ఒక వైపు మూసినప్పుడు పట్టించుకోకుండా, రెండో వైపు మూయగానే చేయి తోసేసి ఏడిస్తే, తోసేసినప్పుడు మీరు మూసింది మంచి కన్ను. రెండోదాన్ని డాక్టర్ చూడాలి. ఏడవకపోతే రెండూ బాగున్నాయని అర్థం కాదు. స్కూల్లో చార్ట్ చదివించి బాగుందన్నారని కూడా నిశ్చింతగా ఉండొద్దు. వేళ్ల సందులోంచి చూసి 6/6 చదివేసే పిల్లలు చాలామంది. చుక్కలు వేసి, కంటిపాప పెద్దదయ్యాక పవర్ చూసిన పరీక్షే లెక్క.

పట్టీకి, మందుకీ ముందు కళ్లద్దాలు. 3 నుంచి 7 ఏళ్ల లోపు పిల్లలతో 2006లో వెలువడిన అమెరికా పరిశీలనలో, పవర్ తేడా వల్ల వచ్చిన సోమరి కన్ను కేవలం కళ్లద్దాలతోనే 27 శాతం మందిలో పూర్తిగా సర్దుకుంది. అందుకే నిద్ర లేచింది మొదలు పడుకునేదాకా అద్దాలు ఉండాలి. అద్దాలు బడిసంచిలోనే ఉండిపోతే తర్వాత ఏ వైద్యమూ అందుకోదు.

మిగతావాళ్లకు రెండు దారులు: మంచి కన్ను మీద పట్టీ వేయడం, లేదా అదే కంట్లో 1 శాతం అట్రోపిన్ చుక్క వేసి దగ్గరి చూపును మసకబార్చడం. రెండింటి ఉద్దేశమూ బలహీనమైన కంటికి పని చెప్పడమే. 2002లో 419 మంది పిల్లల మీద వీటిని పోల్చారు. ఆరు నెలలకు పట్టీ వైపు చార్ట్‌లో సగటున 3.16 వరుసలు, చుక్కల వైపు 2.84 వరుసలు మెరుగైంది. పట్టీ మొదట్లో కాస్త వేగంగా పనిచేసింది, ఆపైన తేడా లేనట్టే. కాబట్టి ఎంపిక జరగాల్సింది మీ పిల్లల కంటిని, మీ ఇంటి రోజువారీని చూసి.

పట్టీ ఎన్ని గంటలు? చూపు ఓ మోస్తరుగా తగ్గితే రోజుకు 2 గంటలు సరిపోతాయి. 2003లో 2 గంటలూ 6 గంటలూ పోల్చితే ఫలితం సమానంగా వచ్చింది. చూపు బాగా తగ్గి 6/30 కంటే కింద ఉంటే 6 గంటలు. పట్టీ కట్టుకుని చదువుకుంటేనే ఫలితమన్నది నిజం కాదు, ఆటలాడినా లెక్కే. నిద్రపోయిన సమయం మాత్రం లెక్కలోకి రాదు. చర్మానికి అంటుకునే పట్టీ మేలు, దాని మీద కళ్లద్దాలు. అద్దానికి తొడిగే గుడ్డ తొడుగుకు ముక్కు వైపు సందు ఉంటుంది. పిల్లలు తల పక్కకు తిప్పి అందులోంచే చూస్తారు. మొదటి వారమే ఏ ఇబ్బందీ లేకుండా పరుగెడుతుంటే అనుమానించండి. వేసవిలో చెమటకు అంచులు లేస్తాయి, చర్మం ఎర్రబడుతుంది. తీసేటప్పుడు కొబ్బరినూనె రాసి మెల్లగా లాగి, ముఖం కడగండి. జిడ్డు మిగిలితే మర్నాటి పట్టీ అంటదు. బడికి కట్టి పంపితే బోర్డు కనపడదు, తోటిపిల్లల మాటలూ తప్పవు. 2 గంటలే అయితే సాయంత్రం ఇంట్లో చాలు. 6 గంటలైతే టీచర్‌కు చెప్పి ముందు బెంచీ అడగాల్సిందే.

చుక్కల్లో గొప్ప సుఖం, పీకి పారేయడానికి ఏమీ ఉండదు. రోజూ అక్కర్లేదు కూడా: ఓ మోస్తరు తగ్గుదలకు శని, ఆదివారాల్లో ఒక్కో చుక్క వేసినా రోజూ వేసినంత ఫలితమే వచ్చిందని 2004లో తేలింది. చుక్క వేశాక కంటి లోపలి మూల దగ్గర ముక్కు పక్కన ఒకటి రెండు నిమిషాలు వేలితో నొక్కి పట్టుకోండి, మందు ఒంట్లోకి ఎక్కువగా పోదు. వెంటనే చేతులు కడుక్కోండి. ఆ చేయి మీ కంటికి తగిలితే మీకూ మసకే. ముఖం ఎర్రబడి, నోరు ఎండి, జ్వరమొస్తే మందు ఆపి డాక్టర్‌కు ఫోన్ చేయండి. సీసా పిల్లలకు అందకూడదు, మింగితే ప్రాణానికే ముప్పు.

మందుల షాపులో ఒక పొరపాటు జరుగుతుంటుంది. మైనస్ పవర్ పెరగకుండా వాడే 0.01 శాతం అట్రోపిన్ వేరే సీసా. అది మసక తెప్పించదు, సోమరి కన్నుకు పనికిరాదు. అంకె చదివి తీసుకోండి.

చుక్కలకు కష్టాలూ ఉన్నాయి. వేశాక వెనక్కి తీసుకోలేం. మసక, వెలుతురు భరించలేకపోవడం వారం దాటి కూడా ఉంటాయి. ఎండలోకి టోపీ, చలువ అద్దాలు కావాలి. చదువు, రాత చాలా వరకు బలహీనమైన కంటితోనే సాగాలి. మంచి కన్నుకు మైనస్ పవర్ ఉంటే ఇంకో చిక్కు: అద్దాలు తీసేస్తే దగ్గరిది ఆ కంటికి స్పష్టంగానే కనిపిస్తుంది, మందు వృథా.

మా అభిప్రాయం ఇది. చూపు ఓ మోస్తరుగా తగ్గి, బడికి వెళ్లే వయసైతే సాయంత్రం 2 గంటల పట్టీతో మొదలుపెట్టండి, బడిలో పరీక్ష ఉన్న రోజున గంటలు అటూ ఇటూ జరుపుకోవచ్చు. రెండు మూడు వారాలు పోరాడినా నిలవకపోతే డాక్టర్‌తో మాట్లాడి శని, ఆదివారాల చుక్కలకు మారండి. అది ఓటమి కాదు. పట్టీ క్షణం ఉంచనివ్వని మూడు నాలుగేళ్ల పిల్లలకు మొదటే చుక్కలు మేలు. 6/30 కంటే తక్కువైనా, మంచి కన్నుకు మైనస్ ఉన్నా పట్టీయే. ఏడేళ్లు దాటాయని వదిలేయకండి: 7 నుంచి 12 ఏళ్ల వాళ్లలో అద్దాలకు పట్టీ, చుక్కలు కలిపినప్పుడు 53 శాతం మందిలో మెరుగుదల కనిపించింది, అద్దాలు మాత్రమే వాడినవాళ్లలో 25 శాతం.

ఏది వాడినా డాక్టర్‌కు చూపించిన ప్రతిసారీ మంచి కంటి చూపునూ కొలిపించండి, అతిగా మూస్తే అదీ తగ్గవచ్చు. చూపు వచ్చిందని 6 గంటల పట్టీని ఒక్కసారిగా ఆపేస్తే ఏడాదిలో 42 శాతం మందికి చూపు మళ్లీ జారింది. ముందు 2 గంటలకు తగ్గించి, తర్వాత ఆపినవాళ్లలో అది 14 శాతమే. ఆపాక కనీసం ఏడాదిపాటు పరీక్షలు మానొద్దు, కళ్లద్దాలు తీయొద్దు.