దుబాయ్‌లో అద్దె కారు, అమీర్‌పేటలో అమ్మిన బీమా: డబ్బు కట్టేముందు జాగ్రత్త

సెలవులకు దుబాయ్ వెళ్లి అక్కడ అద్దె కారు తీసుకుని స్వయంగా నడపాలనుకుంటున్న హైదరాబాద్ వాసులందరూ ప్యాకేజీకి డబ్బు కట్టేముందు ఈ విషయం తెలుసుకోవాలని కోరుతున్నాను. అమీర్‌పేటలోని ఒక ట్రావెల్ ఏజెన్సీ మా కుటుంబానికి విమాన టికెట్లు, హోటలు, అద్దె కారుతో పాటు ట్రావెల్ ఇన్సూరెన్స్ కూడా కలిపి అమ్మింది. కారుకు ఏం జరిగినా ఈ పాలసీయే చూసుకుంటుందని కౌంటరులోని వ్యక్తి ఒకటికి రెండుసార్లు గట్టిగా చెప్పాడు. అది అబద్ధమని ప్రమాదం జరిగాక తేలింది.

దేరా ప్రాంతంలో ఒక రౌండబౌట్ దగ్గర పక్క వరుసలో వస్తున్న వాహనం మా కారును వెనక తలుపు నుంచి బంపరు దాకా గీసుకుంటూ పోయి, ఆగకుండా వెళ్లిపోయింది. మాలో ఎవరికీ దెబ్బలు తగలలేదు. ఏజెన్సీ ఇచ్చిన నంబరుకు ఫోన్ చేస్తే, పోలీసులను పిలిస్తే ఆలస్యమవుతుందని, ఫొటోలు తీసుకుని కారు అప్పగించేస్తే చాలని సలహా ఇచ్చారు. దయచేసి ఇలాంటి సలహా ఎవరు చెప్పినా వినకండి. యూఏఈలో పోలీసు రిపోర్టు లేనిదే గ్యారేజీలు ప్రమాదంలో దెబ్బతిన్న కారును ముట్టుకోవు, బీమా సంస్థలు క్లెయిమ్ తీసుకోవు. రిపోర్టు తేకపోతే అద్దె ఒప్పందం ఇచ్చే రక్షణ కూడా పోయి, మరమ్మతు ఖర్చంతా కారు తీసుకున్నవారి నెత్తిన పడుతుంది. మేము ఏజెన్సీ మాటను పక్కనపెట్టి పోలీసు రిపోర్టు తీసుకున్నాం కాబట్టే నష్టం కొంతలో ఆగింది.

ఢీకొన్న వాహనం ఏదో తెలియలేదని రిపోర్టులో ఉండడంతో, అద్దె సంస్థ ఒప్పందం ప్రకారం ఎక్సెస్ మొత్తాన్ని, అంటే నష్టంలో కారు తీసుకున్నవారే భరించాల్సిన భాగాన్ని, మా క్రెడిట్ కార్డు నుంచి మినహాయించుకుంది. దానిపై నాకు ఫిర్యాదు లేదు. ఆ డబ్బు కోసం ఇక్కడికి వచ్చి క్లెయిమ్ పెడితే మాత్రం బీమా సంస్థ తిరస్కరించింది. ఏజెన్సీ మాకు ఇచ్చింది ఒక్క పేజీ సర్టిఫికెట్ మాత్రమే. పూర్తి పాలసీ పత్రాన్ని తెప్పించుకుని చూస్తే అందులో వైద్య ఖర్చులు, సామాను, పాస్‌పోర్టు పోవడం వంటివి ఉన్నాయి. ఇతరులకు కలిగించిన నష్టానికి పరిహారమిచ్చే విభాగం కూడా ఉంది, కానీ మోటారు వాహనం వాడకం వల్ల వచ్చే బాధ్యత దానికి వర్తించదని కింద చిన్న అక్షరాల్లో స్పష్టంగా రాసి ఉంది. అద్దె కారు ఎక్సెస్‌కు రక్షణ కొన్ని పాలసీల్లోనే ఉంటుంది. మాకు అమ్మినదానిలో అది లేదు.

కారుకు రక్షణ కారుతో వచ్చే బీమాలోనే ఉంటుంది. ఇతరులకు జరిగే నష్టానికి థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. కారుకు జరిగే నష్టానికి సీడీడబ్ల్యూ (కొలిజన్ డ్యామేజ్ వేవర్, అంటే అద్దె కారు దెబ్బతింటే మన బాధ్యతను తగ్గించే ఒప్పందం) ఉన్నా ఎక్సెస్ వరకు మనమే భరించాలి, టైర్లు, అద్దాలు, కారు అడుగుభాగం సాధారణంగా అందులోకి రావు. కొంత ఎక్కువ చెల్లించి సూపర్ సీడీడబ్ల్యూ తీసుకుంటే ఎక్సెస్ బాగా తగ్గుతుంది. ఒప్పందంలో పేరు లేని వ్యక్తి నడిపినా, చెల్లుబాటయ్యే లైసెన్సు లేకపోయినా, మద్యం తాగి నడిపినా ఈ రక్షణలేవీ నిలబడవు. యూఏఈలో ప్రమాదంలో ఎవరైనా చనిపోతే మృతుని కుటుంబానికి చెల్లించాల్సిన పరిహారం, అంటే బ్లడ్ మనీ, 2 లక్షల దిర్హాములు. చెల్లుబాటయ్యే లైసెన్సు లేదని బీమా సంస్థ దాన్ని చెల్లించి తిరిగి డ్రైవరు నుంచి వసూలు చేసే పరిస్థితి వస్తే ఒక మధ్యతరగతి కుటుంబం ఏమవుతుందో ఆలోచించండి. అందుకే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్‌ను మన ఆర్టీఏ కార్యాలయం నుంచే తీసుకోండి. ఆన్‌లైన్‌లో ప్రైవేటు సంస్థలు అమ్మే కార్డులకు చట్టబద్ధత లేదు.

ప్రమాదం ఎంత చిన్నదైనా ఆగకుండా వెళ్లిపోవడం నేరం. గాయపడినవారి సంగతి మొదట చూడాలి. యూఏఈలో పోలీసులకు 999, అంబులెన్సుకు 998, వేరే దేశాలకు వెళ్లేవారైతే యూరోపియన్ యూనియన్ దేశాల్లో అన్నింటికీ 112. ఎవరికీ గాయాలు కాకపోతే నంబరు ప్లేట్లు, రెండు వాహనాల నాలుగు వైపులా, రోడ్డు బోర్డులు కనిపించేలా ఫొటోలు తీసి కారును పక్కకు జరపాలి. అక్కడికక్కడే నగదు ఇచ్చి సర్దుబాటు చేసుకోవద్దు, చదవడం రాని భాషలోని కాగితం మీద సంతకం పెట్టవద్దు. యూరప్‌లో ఇద్దరు డ్రైవర్లూ కలిసి నింపే ప్రమాద వివరాల ఫారం ఒకటి ఉంటుంది. దాని ప్రతి ఒకటి మన దగ్గర ఉండాలి. జపాన్‌లో 110కి ఫోన్ చేసి పోలీసులకు తెలపకపోతే, బీమాకు అవసరమైన ప్రమాద ధ్రువపత్రమే రాదు. ఆసుపత్రిలో చేరాల్సి వస్తే పాలసీ మీది సహాయ నంబరుకు వెంటనే చెప్పాలి, ఎందుకంటే ట్రావెల్ ఇన్సూరెన్స్ నిజంగా అక్కరకొచ్చేది అక్కడే. పోలీసులు అదుపులోకి తీసుకుంటే భారత కాన్సులేట్‌కు తెలియజేయమని అడిగే హక్కు 1963 నాటి వియన్నా ఒప్పందం ప్రకారం మనకు ఉంది. పోలీసు రిపోర్టు చేతికి వచ్చాకే విమానం ఎక్కండి. హైదరాబాద్ నుంచి దాన్ని తెప్పించుకోవడం చాలా కష్టం.

మాకు అబద్ధం చెప్పి అమ్మిన ఏజెన్సీ మీద జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేశాను. క్లెయిమ్ విషయంలో బీమా సంస్థతోనే పేచీ ఉన్నవారు ముందుగా ఆ సంస్థకు లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేసి, పరిష్కారం కాకపోతే బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ వారి ఫిర్యాదుల పోర్టల్ బీమా భరోసాలో గానీ 155255కు ఫోన్ చేసి గానీ చెప్పవచ్చు, ఆ తర్వాత హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌ను (బీమా వివాదాలను పరిష్కరించే అధికారిని) ఆశ్రయించవచ్చు. ఇప్పటికే డబ్బు కట్టినవారు ఒక్క పేజీ సర్టిఫికెట్‌తో సరిపెట్టుకోకుండా పూర్తి పాలసీ పత్రాన్ని ఈమెయిల్‌లో అడిగి తెప్పించుకోండి. అద్దె కారు ఎక్సెస్ ప్రస్తావన అందులో లేకపోతే, దుబాయ్‌లో కారు తాళాలు తీసుకునేముందే సూపర్ సీడీడబ్ల్యూ రాయించుకోండి.