సెలెక్సాలా, పల్లాడియం పొర రియాక్టరా?

బొగ్గును గ్యాస్‌గా మార్చే గ్యాసిఫయర్‌లో పుట్టిన కార్బన్ మోనాక్సైడ్‌ను ఆవిరితో హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్‌గా మార్చడం రెండింటిలోనూ ఉన్నదే. తేడా ఆ రెండు వాయువులను విడదీయడంలో.

సెలెక్సాల్ కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకునే ద్రావకం. దానికి గ్యాస్‌ను సుమారు 40 డిగ్రీలకు చల్లార్చాలి. ఒత్తిడి తగ్గిస్తేనే ద్రావకం కార్బన్ డయాక్సైడ్‌ను వదులుతుంది. పైపులైనులో పంపాలంటే దాని ఒత్తిడిని మళ్లీ 100 బార్ దాటించాలి. మిసిసిపీలోని కెంపర్ ప్లాంటులో పెట్టింది ఇదే.

పొర రియాక్టర్‌లో 300–450 డిగ్రీల వేడిలోనే హైడ్రోజన్ పల్లాడియం లోహపు పొర గుండా జారుకుంటుంది. అది తప్పుకునేకొద్దీ చర్య ముందుకు సాగుతుంది. కార్బన్ డయాక్సైడ్ ఒత్తిడి దాదాపు అలాగే నిలుస్తుంది. హైడ్రోజన్ మాత్రం తక్కువ ఒత్తిడిలో వస్తుంది, నైట్రోజన్‌తో ఊడ్చుకోవాలి (గ్యాసిఫయర్‌కు గాలి నుంచి ఆక్సిజన్ తీసే యూనిట్లో అదెలాగూ మిగులుతుంది).

అసలు చిక్కు గంధకం. హైడ్రోజన్ సల్ఫైడ్ తగిలితే లోహంపై సల్ఫైడ్ పేరుకుని ప్రవాహం పడిపోతుంది. హైడ్రోజన్ ఉండగానే 300 డిగ్రీల కిందికి చల్లారిస్తే స్వచ్ఛమైన పల్లాడియం ఉబ్బి పగులుతుంది. అందుకే ప్లాంటు ఆపేముందు హైడ్రోజన్‌ను నైట్రోజన్‌తో తరిమేయాలి. 23 శాతం వెండి కలిపితే పగుళ్లు తగ్గుతాయి, గంధకం బెడద పోదు. ఇప్పటికిప్పుడు కట్టాలంటే సెలెక్సాలే.