రైసా, మాసా?

ఈ ప్రశ్న నాకు ఏటా రెండుసార్లు తగులుతుంది. థాంక్స్‌గివింగ్ రోజు ఒకసారి, ఫిబ్రవరిలో అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్ సూపర్ బౌల్ చూడ్డానికి అందరం ఒకరింట్లో చేరినప్పుడు ఇంకోసారి. మిర్చి బజ్జీల ప్లేటు చేతికిచ్చి మరీ అడుగుతారు: "అన్నా, ఈ లెక్కలన్నీ వద్దు, ఒక్క మాటలో చెప్పు. జెర్రీ రైసా, రాండీ మాసా?" విసిరిన బంతిని పరిగెత్తి పట్టే రిసీవర్లలో ఎవరు గొప్ప అని. ఇన్నేళ్లూ ఏదో ఒకటి చెప్పి తప్పించుకున్నాను. ఈసారి మా చిన్నోడు వదల్లేదు. ఫ్లాగ్ ఫుట్‌బాల్‌లో చేరాడు, రిసీవర్‌గా ఆడతాడట. ఫారంలో జెర్సీ నంబరు రాయాలి. "నాన్నా, 80 రాయనా, 84 రాయనా?" 80 రైస్ నంబరు, 84 మాస్‌ది.

పేర్లు చూస్తే మన తెలుగువాళ్లు జోకులేసుకోవడానికే పెట్టినట్టుంటాయి. ఒకటి రోజూ తినే అన్నం, ఇంకొకటి మొదటి రోజు మొదటి ఆట మాస్. ఆటతీరు కూడా అచ్చం అలాగే ఉండటం విచిత్రం. ఇక్కడే ద్రావిడ్, సెహ్వాగ్ పోలిక తెచ్చేవాళ్లున్నారు. నేను తేను. సెహ్వాగ్ కోసం ఫీల్డింగ్ మార్చినా బంతి అతని దగ్గరికి వచ్చి తీరుతుంది. రిసీవర్‌కి ఆ భరోసా లేదు. ఇంకొకడు విసిరితేనే అతనికి ఆట.

నా పక్షపాతం ముందే ఒప్పుకుంటాను. నేను అమెరికా వచ్చింది 1998లో, వైటూకే పని మీద. డల్లాస్ పక్కన అర్వింగ్‌లో రెండు బెడ్‌రూముల అపార్ట్‌మెంట్, నలుగురు బ్రహ్మచారులం, గరాజ్ సేల్‌లో కొన్న టీవీ. థాంక్స్‌గివింగ్‌కి ఆఫీసు మూత, బయట షాపులూ మూత. కుక్కర్‌లో అన్నం, పొయ్యి మీద కోడికూర, టీవీలో డల్లాస్ కౌబాయ్స్ మీద మిన్నెసోటా వైకింగ్స్ మ్యాచ్. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు పోవాలన్న రూల్ తప్ప మాకేమీ తెలియదు. అయినా ఆ 84 నంబరువాడు ఏదో వేరే రకం అని మాక్కూడా అర్థమైపోయింది. ఆ రోజు మొత్తం మూడంటే మూడే క్యాచ్‌లు పట్టాడు. మూడూ టచ్‌డౌన్లే, అంటే బంతితో మైదానం చివరి ఎండ్ జోన్‌లోకి చేరడం: 51 గజాలు, 56, మళ్లీ 56. రెండోదానికి గుంటూరు రూమ్మేట్ గరిటె పట్టుకుని వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చి "ఒరేయ్, మళ్లీ వాడేనా?" అన్నాడు. మూడోదానికి కూర అడుగంటింది. మ్యాచ్ 46-36తో వైకింగ్స్‌దే.

ఆ ఏడాది డ్రాఫ్ట్‌లో, అంటే కాలేజీ కుర్రాళ్లని టీమ్‌లు వరసగా ఎంచుకునేచోట, ఎనిమిదో పేరు కౌబాయ్స్‌ది, వాళ్లు మాస్‌ని వదిలేశారు. చిన్నప్పటి నుంచి అతనికి ఇష్టమైన టీమ్ అదే. హైస్కూల్ గొడవ వల్ల నోట్ర్ డామ్ యూనివర్సిటీ సీటు పోయింది, గంజాయి వల్ల ఫ్లోరిడా స్టేట్ పోయింది, చివరికి వెస్ట్ వర్జీనియాలోనే మార్షల్ యూనివర్సిటీకి ఆడాడు. అందుకే 20 పేర్లు పిలిచాక గానీ అతని పేరు రాలేదు. ఇదంతా మాకు తర్వాత తెలిసింది. ఆ రోజు చూసింది మాత్రం పాత బాకీ వసూలు.

మాస్ గొప్పతనం వేగం ఒక్కటే అనుకుంటారు. వేగంగా పరిగెత్తేవాళ్లు ప్రతి టీమ్‌లో ఇద్దరుంటారు. అతని అసలు విద్య చేతుల్లో ఉంది. పై నుంచి బంతి వస్తున్నప్పుడు రిసీవర్‌ని కాపలా కాసే కార్నర్‌కి వెనక్కి తిరిగి చూసే వీలుండదు, రిసీవర్ కళ్లనీ చేతుల్నీ చూసి బంతి ఎక్కడుందో పసిగడతాడు. మాస్ చేతులు చివరి క్షణం దాకా కిందే ఉంటాయి, ముఖంలో ఏమీ కనిపించదు. కార్నర్‌కి విషయం తెలిసేసరికి బంతి అతని తల మీదుగా మాస్ వేళ్లలో ఉంటుంది. ఇలా నెత్తిన ఎక్కి పట్టడానికి అతని పేరే క్రియాపదం అయిపోయింది. ఈ రోజుకీ స్కూలు పిల్లలు "మాస్డ్" అంటూనే ఉంటారు. ఇక అతని కోసం ఒక సేఫ్టీని, అంటే వెనక కాపలావాణ్ని, లోతుగా కట్టేయాల్సిందే. బంతి తన వైపు రాని ఆటల్లో కూడా మిగతావాళ్లకి దారి తెరుచుకునేది అందుకే. ఈ మేలు ఏ స్కోరుకార్డులోనూ కనపడదు.

రైస్ చేసేది చూస్తే మొదటిసారి ఏమీ అనిపించదు. మిసిసిపీలో తాపీమేస్త్రీ కొడుకు. అన్నదమ్ములు విసిరిన ఇటుకలు పట్టీ పట్టీ చేతులు అలా తయారయ్యాయన్నది అందరికీ తెలిసిన కథే. వేగం మధ్యస్థం. 1985లో మొదటి సీజన్‌లో బంతులు జారవిడిచి సొంత స్టేడియంలోనే ఎగతాళికి గురయ్యాడు. కానీ అతని స్లాంట్ రూట్, అంటే ఏటవాలుగా లోపలికి తిరిగే పరుగు, ఒక్కటి నెమ్మదిగా పెట్టుకుని చూడండి. మూడడుగులు నిటారుగా, భుజం ఊగదు, తల ఊగదు, ఒక్కసారిగా లోపలికి కోత. లోతుకి పోతున్నప్పుడు మొదటి మూడడుగులు ఎలా ఉంటాయో ఇవీ అలాగే ఉంటాయి. పట్టాక వేగం తగ్గదు. ప్రాక్టీసులో పట్టిన ప్రతి బంతినీ ఎండ్ జోన్ దాకా మోసుకెళ్లిన మనిషి. సీజన్ లేనప్పుడు శాన్ కార్లోస్ దగ్గరి ఎడ్జ్‌వుడ్ పార్క్‌లో రెండున్నర మైళ్ల కొండదారి పరుగు. కొత్తగా వచ్చిన కుర్రాళ్లు తోడు వెళ్లి సగంలోనే వాంతులు చేసుకునేవారట.

లెక్కలు వద్దన్నారు గానీ ఒక్కటి చెప్పక తప్పదు. మాస్ కెరీర్ మొత్తం 14 సీజన్లు, 15,292 గజాలు, 156 టచ్‌డౌన్లు. రైస్‌ది 20 సీజన్లు, 22,895 గజాలు, పట్టినవి 197 టచ్‌డౌన్లు. మాస్ అభిమానులు వెంటనే మ్యాచ్‌కి సగటు తీస్తారు. 218 మ్యాచ్‌లకి 156, 303కి 197, కాబట్టి మావాడే పైన అంటారు. నిజమే. కానీ రైస్‌ని 1995 చివర ఆపి చూడండి. అప్పటికి 11 సీజన్లు, 172 మ్యాచ్‌లు, 15,123 గజాలు, 146 టచ్‌డౌన్లు. మాస్ జీవితకాలం అంతటికీ 169 గజాల తక్కువ, సగటు చూస్తే మాస్ కంటే ఎక్కువ. అప్పటికి రైస్‌కి 33 ఏళ్లు. ఆ తర్వాత ఇంకా 7,772 గజాలు పోయాడు. ఒకే సీజన్ రికార్డు మాస్‌దే, 2007లో 23 టచ్‌డౌన్లు, 16 మ్యాచ్‌లకి. రైస్ 1987లో 22 పట్టాడు. సమ్మె వల్ల ఆ ఏడాది అతను ఆడింది 12 మ్యాచ్‌లే.

అయినా నా మనసు మార్చింది ఈ అంకెలు కావు, ఓక్లాండ్.

ఇద్దరూ ఓక్లాండ్ రెయిడర్స్‌కి ఆడారన్న సంగతి ఈ వాదనల్లో ఎవరూ ఎత్తరు. అదే నలుపు వెండి జెర్సీ, అదే పాత స్టేడియం, అదే యజమాని ఆల్ డేవిస్. రైస్ అక్కడికి 2001లో వచ్చాడు, 38 ఏళ్ల వయసులో. అప్పటిదాకా ఆడిన టీమ్ శాన్ ఫ్రాన్సిస్కో అతన్ని సాగనంపేసింది. అక్కడ సొంత స్టేడియంలో అతని చివరి మ్యాచ్‌లో, వీడ్కోలు చప్పట్లు అతనికైతే, 20 క్యాచ్‌లు 283 గజాలతో ఆట అంతా అదే టీమ్‌లోని ఇంకో రిసీవర్ టెరెల్ ఓవెన్స్‌ది. అంతకు ముందు 1997లో మోకాలి లిగమెంట్లు తెగిపోయాయి. 14 వారాల్లో తిరిగొచ్చి, టచ్‌డౌన్ పట్టి, కిందపడి అదే మోకాలి చిప్ప పగలగొట్టుకున్నాడు. మామూలుగా ఇక్కడితో పుస్తకం మూసేస్తాం. ఓక్లాండ్‌లో మొదటి ఏడాది 83 క్యాచ్‌లు, 1,139 గజాలు. రెండో ఏడాది, నలభై నిండిన ఏడాది, 92 క్యాచ్‌లు, 1,211 గజాలు, పైగా సూపర్ బౌల్. అందులో రెయిడర్స్ టాంపా బే చేతిలో 48-21తో చిత్తుగా ఓడారు గానీ, 48 గజాల టచ్‌డౌన్ ఒకటి రైస్ పట్టాడు.

మాస్ 2005లో వచ్చాడు. 28 ఏళ్లు, కెరీర్‌కి నడిమధ్య. మొదటి ఏడాది 1,005 గజాలు, రెండో ఏడాది 42 క్యాచ్‌లు, 553 గజాలు, 3 టచ్‌డౌన్లు. మూడ్ బాగోకపోతే ఏకాగ్రత తగ్గుతుందని ఆ సీజన్ మధ్యలో తనే ఒప్పుకున్నాడు. 2007లో న్యూ ఇంగ్లండ్ టీమ్ అతన్ని కేవలం డ్రాఫ్ట్‌లో ఒక నాలుగో రౌండ్ పిక్ ఇచ్చి తీసుకుంది. మన భాషలో చెప్పాలంటే పాత ఇనుము రేటు.

మాస్ తరఫు వాదన కూడా చెప్పాలి, అందులో పస ఉంది. రైస్ ఉన్నప్పుడు ఓక్లాండ్‌లో బంతి విసిరింది రిచ్ గానన్, 2002లో లీగ్ మొత్తానికీ ఎంవీపీ, అంటే మేటి ఆటగాడు. పక్కన ఇంకో మేటి రిసీవర్ టిమ్ బ్రౌన్. మాస్ ఉన్నప్పుడు ఆ టీమ్ 4 గెలిచి 12 ఓడింది, తర్వాత 2-14. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌ల పేర్లు ఇప్పుడు గుర్తు తెచ్చుకోవడమే కష్టం. మాస్ గాయాలతో ఆడాడు కూడా. ఆ మాటకొస్తే రైస్‌కి బంతి విసిరింది మొదటి నుంచీ జో మోంటానా, ఆ వెంటనే స్టీవ్ యంగ్. ఇలాంటి అదృష్టం ఇంకో రిసీవర్‌కి పట్టలేదు. న్యూ ఇంగ్లండ్‌లో క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రేడీ దొరికిన మొదటి ఏడాదే మాస్ 23 పట్టి చూపించాడు కదా? పైగా గ్లవ్స్‌కి జిగురు వాడామని రైస్ తనే తర్వాత బయటపెట్టాడు, అది 1981 నుంచే నిషిద్ధం. అందరూ వాడారని సమర్థించుకోబోయాడు. నాకది నచ్చలేదు.

ఇవన్నీ కలిపి తూచినా ఓక్లాండ్ నా తలలోంచి పోదు. లోతుగా విసరగలిగే చెయ్యి లేకపోతే మాస్ విద్య సగం నిరుపయోగం. రైస్ విద్య ఆరు గజాల బంతితో కూడా నడుస్తుంది. రిసీవర్ తనకి క్వార్టర్‌బ్యాక్‌ని ఎంచుకోలేడు, కోచ్‌ని ఎంచుకోలేడు, మోకాలు ఎప్పుడు పోతుందో చెప్పలేడు. ఇవేవీ చేతిలో లేని ఉద్యోగంలో ఇరవై ఏళ్లు నిలబడే పనితనం ఏదీ అంటే నేను రైస్ వైపే తిరగాల్సి వస్తోంది. ఒక్క మ్యాచ్, చివరి రెండు నిమిషాలు, ఎవరో ఒకరు అంటే మాత్రం ఇప్పటికీ మాస్ పేరే నోట్లోంచి ముందొస్తుంది. ఆ నోటిని నేనే పూర్తిగా నమ్మను. 1989 సూపర్ బౌల్‌లో చివరి డ్రైవ్, అంటే ఆఖరి దాడి, 20 గజాలు కావాల్సిన చోట 27 గజాల క్యాచ్ పట్టింది రైసే. ఆ మ్యాచ్‌లో 215 గజాలు, ఎంవీపీ అతనే.

మిగతావాళ్ల సంగతి అడిగేవాళ్లకి: లారీ ఫిట్జెరాల్డ్ 17 ఏళ్లు ఒక్క అరిజోనాకే ఆడి 1,432 క్యాచ్‌లతో రెండో స్థానంలో ఉన్నాడు, మంచి మనిషి, అంతే. కాల్విన్ జాన్సన్ 2012లో 1,964 గజాలు పోయి, 30 ఏళ్లకే చాలనుకుని వెళ్లిపోయాడు, తొమ్మిది సీజన్లతో ఈ పోటీలోకి రాడు. ఓవెన్స్‌కి అంకెలున్నాయి, ఓపిక లేదు. 1935లో మొదలుపెట్టిన డాన్ హట్సన్‌ని తెచ్చేవాళ్లకి ఒక దండం, అది వేరే ఆట. జస్టిన్ జెఫర్సన్, జమార్ చేజ్ ఇంకా దారిలో ఉన్నారు.

ఇద్దరి దారులూ చివర్లో ఒకసారి కలిశాయి, తమాషాగా. మాస్ ఏడాది ఆట మానేసి 2012లో తిరిగొచ్చింది రైస్ పాత టీమ్ శాన్ ఫ్రాన్సిస్కోకే, మాజీ హీరో చిన్న వేషం వేసినట్టు. సూపర్ బౌల్ వారంలో విలేఖరుల ముందు కూర్చుని, ఈ ఆటలో ఇప్పటిదాకా అందరికంటే గొప్ప రిసీవర్‌ని నేనే అన్నాడు. నా అంకెలు అతని అంకెలతో పోల్చి చూసుకోమన్నాడు రైస్. అంతకు ముందు ఐదు సూపర్ బౌల్‌లు ఆడి ఐదూ గెలిచిన ఆ టీమ్ మొట్టమొదటిసారి ఓడింది ఆ మ్యాచ్‌లోనే. ఇక రైస్ చివరి సంగతి: 2005లో, 42 ఏళ్ల వయసులో, డెన్వర్ క్యాంపులో పైవరస కుర్చీ దొరకదని తెలిశాక సంచి సర్దేశాడు. అంతకు ముందు ఏడాది సియాటిల్ వెళ్లినప్పుడు, తన పాత ఆటగాడు స్టీవ్ లార్జెంట్ కోసం ఆ టీమ్ పక్కన పెట్టేసిన 80 నంబరుని లార్జెంట్ అనుమతితోనే వేసుకున్నాడు. ఇరవై ఏళ్లూ అదే నంబరు.

ఇదంతా మావాడికి వివరంగా చెప్పి ఫారంలో 80 అని రాశాను. వాడు ఆ కాగితం వైపు కాసేపు చూసి, "మరి రాత్రి నువ్వు ఫోన్‌లో ఎప్పుడూ 84 వీడియోలే చూస్తావు కదా నాన్నా" అన్నాడు.