329 రూపాయల పులావు, తలకోన దారి

ఫ్రీజ్ డ్రైడ్, అంటే గడ్డకట్టించి ఆరబెట్టిన వెజ్ పులావు అని చెప్పి 329 రూపాయలకు నాకు అంటగట్టింది ఎండిపోయిన క్యారెట్ ముక్కలు, రాళ్లలాంటి బఠానీలు, ఇంత మసాలా పొడి. ఆ మంటతోనే ఇది రాస్తున్నాను. తలకోనకో, నాగలాపురం కొండలకో, తడ దగ్గరి ఉబ్బలమడుగుకో పోతూ, వేడినీళ్లు పోసుకుని తినే ఇలాంటి ప్యాకెట్లు కొనాలనుకునేవాళ్లు డబ్బు కట్టే ముందు ఒకసారి చదువుకోండి.

మా ఇంట్లో ఈ ప్యాకెట్ల గోల 2021 నవంబరు వానలప్పుడు మొదలైంది. తిరుపతిలో కాలనీలకు కాలనీలే నీళ్లలో ఉన్నాయి. రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కింది ఊళ్లు ఖాళీ చేయించారు. మా వీధిలో కరెంటు లేదు, పాలు రాలేదు, సంపులోకి మురుగు చేరింది. ఇంట్లో ఒక పెట్టెడు తిండి ఎప్పుడూ సిద్ధంగా ఉండాల్సిందేనని మా ఆవిడ అప్పుడే పట్టుబట్టింది. బావమరిదికేమో కొండలెక్కే పిచ్చి. ఇద్దరికీ పనికొస్తాయని ఒక ఆన్‌లైన్ షాపులో నాలుగు పులావులు, ఇంకో కంపెనీవి నాలుగు సాంబారన్నాలు తెప్పించాం. సాంబారన్నం ఒక్కోటి 240.

ఆ ప్యాకెట్లు పట్టుకుని తలకోనకు బయల్దేరాం. భాకరాపేట ఘాటు మీదుగా ప్రయాణం హాయిగా సాగింది. అడవి బయట మామిడితోటలో టెంట్లు వేసిన ఒక క్యాంపులో దిగాం. మనిషికి 1,400, రాత్రి భోజనం, పొద్దున టిఫిన్ అందులోనే. టెంటు శుభ్రంగా ఉంది. బాత్‌రూమ్ తలుపుకు గడియ లేదు, బయట ఒకరు కాపలా ఉండాల్సిందే. ఆ రాత్రి పెట్టిన రాగిసంగటి, నాటుకోడి పులుసు, చెనిక్కాయల ఊరిబిండి తిన్నాక గడియ సంగతి ఎవరికీ గుర్తులేదు. సంగటి ముద్దకు గుంట చేసి పులుసు పోయించుకుంటూ మావాడు రెండో ముద్ద అడిగాడు. ఇంట్లో సంగటి అంటేనే ముఖం తిప్పుకునే మనిషి వాడు!

తెల్లారి కథ మారింది. తలకోన జలపాతం ఉన్నది శ్రీవేంకటేశ్వర నేషనల్ పార్కులో. అక్కడ నిప్పు రాజేయకూడదు, స్టవ్ తీయకూడదు. కాబట్టి వేడినీళ్లు ఫ్లాస్కులో మోసుకుపోవాల్సిందే. క్యాంపులో అడిగితే ఫ్లాస్కుకు 50 రూపాయలన్నారు, సరే అన్నాం. మరిగించారా అంటే "సలసలా కాగినాయి సామీ" అన్నాడు వంటాయన. పైకి పోయి మూత తీస్తే ఆవిరే లేదు. వేలు పెడితే గోరువెచ్చగా తగిలింది.

ఆ మోసమే ఒక రకంగా పరీక్ష పెట్టింది. రెండు రకాలూ ఒకేసారి తెరిచి, అవే నీళ్లు పోసి, మూతి మడిచి పెట్టాం. సాంబారన్నంలో మెతుకు మెతుకు సైజు తగ్గకుండా, థర్మోకోల్ పూసల్లా తేలిగ్గా ఉంది. ములక్కాడ ముక్క కూడా ఆకారం చెడలేదు. గోరువెచ్చటి నీళ్లలోనే పావుగంటకు మెత్తబడింది. ఉప్పు కాస్త ఎక్కువ, వాసన మాత్రం అసలైన సాంబారుదే. పులావు అరగంటకు కూడా లొంగలేదు. క్యారెట్ ముడుచుకుపోయి గోధుమరంగుకు తిరిగింది, బఠానీ పంటికింద టక్కుమంది. "బావా, దీన్ని ఉండేలులో పెట్టి కొట్టొచ్చు" అన్నాడు బావమరిది. మా ఆవిడ మాట్లాడలేదు. అంటే కోపం చాలా ఉందని అర్థం.

క్యాంపుకు తిరిగొచ్చాక, పొయ్యి దగ్గర నేనే నిలబడి మరిగించిన నీళ్లతో రెండో పులావు చేశాను. అన్నం ఉడికింది, బఠానీ ఉడకలేదు. అప్పుడు కవరు వెనక చిన్న అక్షరాలు చదివితే దొరికింది అసలు సంగతి: "డీహైడ్రేటెడ్ వెజిటబుల్స్". ముందువైపేమో పెద్ద అక్షరాల్లో ఫ్రీజ్ డ్రైడ్.

రెండిటికీ చాలా తేడా ఉంది. డీహైడ్రేటెడ్ అంటే మామూలుగా వేడిగాలికి ఆరబెట్టింది, అలా ఆరబెడితే కూరగాయ ముడుచుకుని గట్టిపడుతుంది. ఫ్రీజ్ డ్రైయింగులో వండిన దాన్ని గడ్డకట్టించి, గాలి తీసేసిన పెట్టెలో పెడతారు. మంచు నీరు కాకుండానే ఆవిరైపోతుంది. మెతుకు ఆకారం అలాగే ఉండి లోపలంతా సన్నటి రంధ్రాలు మిగులుతాయి కాబట్టి నీళ్లు ఇట్టే లోపలికి పోతాయి. చాలా గంటలు మిషన్ నడవాలి, కరెంటు ఖర్చు, అందుకే ధర ఎక్కువ. ఇన్‌స్టంట్ కాఫీలో పలుకులుగా ఉండే ఖరీదైన రకం ఈ పద్ధతిలోదే. ఆ కాఫీ చేసే ఫ్యాక్టరీ మన వరదయ్యపాళెం మండలం కువ్వాకొల్లిలోనే ఉంది. అంత ధర పెట్టడం తప్పు కాదు, ఆ ధర తీసుకుని ఎండుముక్కలు పోయడం తప్పు.

కొనేటప్పుడు "ఇద్దరికి సరిపోతుంది" లాంటి మాటలు నమ్మకండి. కేలరీలు చూడండి. మా సాంబారన్నం 80 గ్రాములు, 330 కేలరీలు. కొండెక్కి దిగిన మనిషికి అది టిఫిన్ కింద కూడా చాలదు. ప్యాకెట్‌లో ఆక్సిజన్‌ను పీల్చుకునే చిన్న సంచీ ఉంటే నీళ్లు పోసే ముందే తీసేయండి. పాతికేళ్లు నిల్వ ఉంటుందని ఊదరగొట్టేది ఎక్కువగా ఆక్సిజన్ తీసేసి సీలేసిన డబ్బాల గురించి. మాకొచ్చిన ప్యాకెట్ల మీద ఉన్నది 18 నెలలే.

వరదల కోసమైతే నా ఓటు వీటికి కాదు. సంపు పాడైన ఇంట్లో ప్యాకెట్‌కు పావులీటరు మంచినీళ్లు, పైగా గ్యాసు ఎక్కడ తెస్తాం? దానికి రిటార్ట్ ప్యాకెట్లే మేలు. వండినదాన్ని కవరులో సీలేసి, కవరుతో సహా బాగా వేడిచేసి క్రిములు చంపుతారు. మైసూరులోని రక్షణశాఖ ఆహార పరిశోధన సంస్థ సైన్యం కోసం ఇలాంటి వాటి మీద కూడా పనిచేసింది. 300 గ్రాముల రాజ్మా 120కి వచ్చింది, చల్లగానే తినొచ్చు. బరువు ఎక్కువే, కానీ ఇంట్లో మోసేదెవరు? వాటి పక్కన బొరుగులు, అటుకులు, బెల్లం, వేయించిన చెనిక్కాయలు, రెండు మంచినీళ్ల క్యాన్లు పెట్టాం. వీపున మోసుకుని ఎక్కాల్సిన చోటికే ఆ సాంబారన్నం, అదీ వేడినీళ్లకు నమ్మకం ఉంటేనే.

పులావు అమ్మిన షాపుకు ఫోన్ చేస్తే "నీళ్లు సరిగ్గా మరిగించి ఉండరు సార్" అంది అవతలి అమ్మాయి. వెనక రాసిన అక్షరాలు ఫొటో తీసి పంపితే రెండు రోజులు జవాబు లేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాక షాపువాళ్లే ఫోన్ చేశారు. తెరవని రెండు ప్యాకెట్లకు 658 రూపాయలు వెనక్కి వేశారు. తెరిచిన రెండిటికీ ఇవ్వరట. తెరవకుండా బఠానీ ఉడుకుతుందో లేదో ఎట్లా తెలుస్తుందమ్మా అంటే, పైవాళ్లను అడిగి చెప్తానని పెట్టేసింది.