క్రెడిట్ కార్డుకి మినిమమ్ కంటే ఎక్కువ కట్టడం: బాగానే పనిచేసింది, చివరి బిల్లు తప్ప

కార్డు యాప్‌లో బిల్లు కట్టే చోట మూడు గడులుంటాయి కదా, మొత్తం బాకీ, మినిమమ్ (గడువులోగా కనీసం కట్టాల్సింది), వేరే మొత్తం (మనకి తోచినంత) అని. ఈ రివ్యూ అంతా ఆ మూడో గడి గురించే. చాలాకాలంగా వాడాను, నాకు ఆ గడి అంటే ఇష్టం. బ్యాంకు మీద మాత్రం ఒక్క విషయంలో ఇప్పటికీ ఒళ్ళు మంటే, అది కిందకి వచ్చాక చెప్తాను.

బాకీ ఎలా పడిందో వివరించను. మా విశాఖ రామ్‌నగర్ ఆసుపత్రుల చుట్టూ ఒక వారం తిరిగినవాళ్ళకి చెప్పక్కర్లేదు, తిరగనివాళ్ళు తిరగకుండానే ఉండాలి. ఎనభై వేల దాకా తేలింది. నా కార్డుకి మినిమమ్ అంటే బిల్లులో 5 శాతం, అంటే ₹4,000. వడ్డీ నెలకి 3.5 శాతం, అది ₹2,800. దాని మీద 18 శాతం జీఎస్టీ, ₹504. కొత్తగా ఒక్క రూపాయి గీకకపోయినా, నాలుగు వేలు కడితే అసలులో తగ్గేది ₹696. మన లెక్కలో చెప్పాలంటే నూటికి మూడున్నర రూపాయల వడ్డీ, జీఎస్టీతో నాలుగు దాటుతుంది. ఊళ్ళో ఎవరైనా నూటికి నాలుగు అడిగితే మళ్ళీ వాళ్ళ గుమ్మం తొక్కం. ఇక్కడ టై కట్టుకున్న కుర్రాడు ఆఫీసుకొచ్చి, సంతకం పెట్టించుకుని, థాంక్యూ సార్ అని వెళ్ళాడు, అంతే తేడా.

మినిమమ్ కట్టేవాడి బాకీ పెరగకూడదని 2022లో ఆర్బీఐ నిబంధన పెట్టింది. పెరగదు, నిజమే. తగ్గుతుందని మాత్రం ఎవరూ మాటివ్వలేదు. ఆ 5 శాతమే కడుతూ పోతే అయిదేళ్ళ తర్వాత కూడా సగం పైనే మిగిలి ఉంటుంది. ఈ హెచ్చరిక బిల్లులో వేయాలని కూడా రూలే, వేస్తారు కూడా. నాకొచ్చే బిల్లులో అది రెండో పేజీ అడుగున, అమ్మ కళ్ళజోడు పెట్టుకున్నా కనపడని సైజులో ఉంటుంది.

ఇప్పుడు మూడో గడి. అందులో పది వేలు కొడితే వడ్డీ, జీఎస్టీ పోగా ₹6,696 అసలు తగ్గుతుంది. కట్టింది రెండున్నర రెట్లు, తగ్గింది తొమ్మిది రెట్ల పైమాటే. నాకు నచ్చిందేంటంటే గడువు తేదీ దాకా ఆగక్కర్లేదు, ఒకేసారి కట్టక్కర్లేదు, వడ్డీ రోజు లెక్కన పడుతుంది కాబట్టి ఎప్పుడు ఎంత వేస్తే ఆ మేరకి అప్పటినుంచే తగ్గుతుంది. జీతం పడిన రోజునే పది వేలు వేసి, పదిహేను రోజులు ఆగి వేస్తే పోయే ₹200 మిగుల్చుకునేవాణ్ణి. నెల మధ్యలో చేతిలో ఏం ఆడినా అదీ వేసేవాణ్ణి. మద్దిలపాలెంలో బస్సు కోసం నిలబడి ఫోన్ తీసి ఐదొందలు పంపడం, అది ఖాతాలో పడిందా లేదా అని మర్నాడు పొద్దున్నే చూసుకోవడం, ఇదొక వ్యసనంలా తయారైంది. "సింహాచలం హుండీలో వేసినట్టు వేస్తున్నారేంటండీ" అని మా ఆవిడ నవ్వేది.

ఇక్కడ నా మెప్పులో కొంత వెనక్కి తీసుకోవాలి. బిల్లు పూర్తిగా కట్టనంతకాలం కొత్తగా కొన్న వాటికి వడ్డీ లేని గడువు ఉండదు, గీకిన రోజు నుంచే మీటర్ తిరుగుతుంది. స్కూటీ పెట్రోలు, కరెంటు బిల్లు కూడా అదే కార్డు మీద వేస్తూ మూడో గడిలో డబ్బులు పోస్తుంటే ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో తీసుకున్నట్టే. కార్డుని బీరువాలో పడేశాక గానీ బాకీ గట్టిగా దిగడం మొదలవలేదు.

సరే, ఒళ్ళుమంట సంగతి. బిల్లు ₹46,000కి దిగిన నెలలో మా వీధి చీటీ నాకు వచ్చింది. గడువు తేదీ నాడు మొత్తం బాకీ గడి నొక్కి, పైసాతో సహా కట్టేశాను. యాప్‌లో సున్నా కనిపించింది. ఇంట్లో చెప్పాను కూడా. తర్వాతి నెల బిల్లు ₹1,124! ఏమీ కొనలేదు, కార్డు బీరువాలోంచి బయటకి రాలేదు. అమ్మ అయితే "ఏటిరా, తీరిపోయిందన్నావు కదా" అని నన్నే అనుమానంగా చూసింది.

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి, ఒకటి నొక్కి, మూడు నొక్కి, పాట విని, ఆఖరికి ఒకమ్మాయి దొరికింది. పాపం మర్యాదగానే చెప్పింది. "అది బిల్లు వేసిన తేదీ నుంచి మీరు కట్టిన తేదీ వరకు వడ్డీ సార్."

"మొత్తం బాకీ అని మీరే వేశారు కదమ్మా, అదే కట్టాను."

"కరెక్టుగానే కట్టారు సార్. కానీ అది బిల్లు వేసిన రోజు వరకే సార్."

"మరి ఇది కట్టకపోతే?"

"లేటు ఫీజు పడుతుంది సార్, సిబిల్‌కి, అంటే మీ అప్పుల రికార్డుకి వెళ్తుంది సార్."

లెక్క వేసి చూస్తే ఆమె చెప్పింది నిజమే, పద్ధెనిమిది రోజుల వడ్డీ ₹953, జీఎస్టీ ₹171. తప్పు పట్టడానికి లేదు, అదే మరీ మంట. సున్నా చూసి యాప్ తీసేసినవాళ్ళు, మెయిల్ తెరవనివాళ్ళు ఎంతమంది ఈ చిన్న మొత్తానికి లేటు ఫీజులు కట్టుంటారో! బ్రాంచికి వెళ్ళి మాఫీ అడిగాను, సిస్టమ్ ఒప్పుకోదన్నారు. వడ్డీ 30 శాతం దాటకూడదని 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ ఇచ్చిన తీర్పుని 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు కొట్టేసింది, కాబట్టి ఆ వైపు నుంచి కూడా ఆశ పెట్టుకోకండి. ఆఖరి మొత్తం కట్టేటప్పుడు బిల్లు వచ్చిన రోజే కట్టేయండి, లేదా ఫోన్ చేసి ఈ రోజుకి వడ్డీతో ఎంతో అడిగి కట్టండి. ఆ తర్వాత కూడా ఒక బిల్లు నిజంగా సున్నా వచ్చేదాకా యాప్ ఉంచండి.

అందరూ ఇలాగే చేయండి అనను. మాది గాజువాకలో సొంతిల్లు, అద్దె బాధ లేదు, జీతం ఒకటో తారీఖుకి పడుతుంది, పైగా చీటీ కలిసొచ్చింది. ఇంట్లో బంగారం ఉండి, తాకట్టు పెట్టడానికి ఇంట్లోవాళ్ళు ఒప్పుకుంటే గోల్డ్ లోన్ వడ్డీ దీనికంటే చాలా తక్కువ, మూడో గడితో పనే లేదు. మా ఇంట్లో ఒప్పుకోలేదు. బ్యాంకువాళ్ళు ఈఎంఐకి మార్చుకోమని ఫోన్లు చేస్తారు, అందులో ప్రాసెసింగ్ ఫీజు కలిపి చూసుకుని లాభముంటే అదీ మంచిదే. ఇవేవీ కుదరక, పది వేలు తీయలేనివాళ్ళు నాలుగు వేల బదులు అయిదు వేలు వేసినా అసలులో తగ్గేది ₹696 కాదు, ₹1,696.